ఏడ్చేవాళ్ళు బయటే ఏడ్చి రావలెను

ఉద్యోగం చేసినంతకాలం పిల్లల నోరు మూయించడమే పనిగా బతికాను. కరీంనగర్‌లో సర్కారు బడిలో తెలుగు పంతులమ్మను. వరండాలో నా చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మీసాలు మొలుస్తున్న పదో తరగతి పిల్లలు కూడా గప్‌చుప్. ఆ గర్వంతోనే రిటైరయ్యాను. ఇక నాలుగు రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుందామనుకునేలోపే, నా గర్వం సంగతి తేల్చడానికి ఒక మనవడు పుట్టాడు. కిలో బరువు కూడా లేడు.

వాడు నా ఒక్కగానొక్క కూతురి కొడుకు. తొమ్మిది నెలలు నిమ్మళంగా ఉండాల్సినవాడు ఏడో నెల నిండకముందే బయటపడ్డాడు. ఏం కొంప మునిగిందని అంత తొందర? తండ్రి పోలిక మాత్రం కాదు. మా అల్లుడు పెళ్ళిచూపులకే పొద్దున వస్తానని చెప్పి మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చిన మనిషి. ఇప్పుడు మస్కట్‌లో పని చేస్తున్నాడు. కొడుకు పుట్టాడని పరుగెత్తుకొచ్చి, అద్దం అవతల నుంచి చూసి, సెలవు అయిపోగానే తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాకు ఆయన ఫోన్లో ముఖం మాత్రమే.

పుట్టిన రోజు నుంచి పిల్లవాడికి ఊపిరి పోసే మిషను తగిలించారు. వారాలకు వారాలు వాడి బదులు అదే ఊపిరి తీసింది. అది లేకపోతే వాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పచ్చి ఊపిరితిత్తులు అంత ఒత్తిడి ఎట్లా ఓర్చుకుంటాయి? అవి దెబ్బతిన్నాయి. మిషను తీసేశాక కూడా వాడి డొక్కలు ఎగిరెగిరి పడేవి. దానికి తోడు ఇంకో గండం. ఏడుపు మొదలుపెడితే చాలు, గొంతులో ఏదో తలుపు పడ్డట్టు ఊపిరి ఆగిపోయేది, పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగేవి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది మా పని. హైదరాబాద్ తీసుకెళ్ళి, సన్నటి కెమెరా గొట్టం లోపలికి దించి చూపించుకొచ్చాం.

మా కరీంనగర్ పిల్లల డాక్టరు ఆ రిపోర్టు చదివి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కుర్రవాడే కానీ నెమ్మదైన మనిషి.

"అమ్మా, పొలంల నీళ్ళు పారిచ్చే ఫ్లాట్ పైపు చూసిన్రా? మోటరు నడిసినంతసేపు గుండ్రంగ నిలబడ్తది. మోటరు బంద్ చేస్తే సప్పగ పడిపోతది. పిల్లగాని గాలిగొట్టం గట్లనే మెత్తగుంది. ఊపిరి గట్టిగ ఇడిస్తే లోపల్లోపల అతుక్కుంటుంది."

"మరి మందు?"

"పెరుగుడే మందు. పెరిగినకొద్ది గొట్టం గట్టిపడ్తది. అప్పటిదాక ముక్కుకు చిన్న మాస్కు, దానికి గాలి మిషను, పక్కన ఆక్సిజన్. అది మోటరసొంటిది. గాలి నింపి గొట్టాన్ని తెరిచి పట్టుకుంటది. మంచిగ పాలు తాగాలె, జలుబు తగలొద్దు. పిల్లికూతలు వినవడ్తున్నయని ఎవలో చెప్పిన ఆవిరిమందు మీకు మీరే పెట్టకుండ్రి, గీనికి అది ఎదురు తిరుగుతది. ఇంకోటి, వీలైనంత వరకు ఏడ్వనియ్యకుండ్రి."

'వీలైనంత వరకు' అన్నాడు. ఆ మాట నా కూతురికి వినపడింది. నాకు వినపడింది కానీ నేను లెక్కచేయలేదు. హోంవర్కు వీలైనంత వరకు చేయండి అంటే ఎవడైనా చేస్తాడా? క్రమశిక్షణ అంటే క్రమశిక్షణే. ఏడుపు అంటే ఏడుపే. ఈ ఇంట్లో ఏడుపు బంద్ అని ఆస్పత్రి మెట్ల మీదే తీర్మానించేశాను.

ఇంటికొచ్చిన రోజు నుంచి నా పాలన మొదలైంది. కుక్కర్ విజిల్ వాణ్ణి లేపుతుందని అటకెక్కించాను. పప్పు గిన్నెలో ఉడకడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం తినాల్సిన పప్పు సాయంత్రానికి ఉడికేది. మిక్సీ నిషేధం. దేవుడి గంటకు పాత గుడ్డ చుట్టాను, దేవుడికి చెవులు బాగానే ఉంటాయిలే అని. ఉల్లిగడ్డల ట్రాలీ ఆటో మైకు పెట్టుకుని సందులోకి వస్తుంటే సందు మొదట్లోనే చేతులు చాచి ఆపాను. తీరా చూస్తే డ్రైవరు నా దగ్గర చదువుకున్నవాడే. వాడు మైకు ఆపి, ఆ తర్వాత ఆరునెలలూ మా సందులో గుసగుసగా ఉల్లిగడ్డలు అమ్మాడు. కరెంటు ఆఫీసు లైన్‌మాన్ కూడా నా శిష్యుడే. కరెంటు తీసేముందు ఫోన్ చేసి, "మేడం, జర ఇన్వర్టర్ చూసుకోండి" అని చెప్పేవాడు. ఒకప్పుడు బెంచీ ఎక్కించి నిలబెట్టినందుకు పగబట్టలేదు, మంచి పిల్లలు.

ఇక పిల్లవాడి భోగం చెప్పనక్కర్లేదు. పెదవి చప్పరిస్తే పాలు. కాలు కదిపితే పొడిబట్ట. కనుబొమ ముడిస్తే ఇద్దరం లేచి నిలబడేవాళ్ళం. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మావాడు అడగడమనేదే నేర్చుకోలేదు. మిషను రోజంతా సన్నగా బుసకొడుతూ ఉండేది. మాస్కు పట్టీలు బుగ్గల మీద గీతలు పెట్టేవి. వాడు ఏనుగు తొండం లాంటి ఆ గొట్టంతో రాజాలాగా పడుకుని, మా ముఖాలు చూస్తూ ఉండేవాడు.

నవ్వులాటగా చెబుతున్నాను కానీ నాకు భయంగా ఉండేది. టీకా వేయించిన రోజు ఆ భయం కళ్ళారా చూశాను. సూది గుచ్చగానే వాడు నోరు తెరిచాడు. చిన్న కీచుమనే చప్పుడు వచ్చి, అంతే, ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. ముఖం నల్లబడుతోంది. నేను, బడి మొత్తాన్ని గడగడలాడించిన దాన్ని, నిలబడ్డచోటే కొయ్యబారిపోయాను. నా కూతురు మాత్రం మాస్కు ముక్కుకు అదిమిపట్టి, ఆక్సిజన్ పెంచి, వాణ్ణి గుండెకు ఆనించుకుని వీపు మీద చెయ్యి వేసి, "ఏం లేదు నాన్నా, ఏం లేదు" అంటూ ఉంది. ఆ గొంతు వణకలేదు. చాలాసేపటికి వాడి పెదాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. అప్పుడు నా కూతురు మాస్కు పట్టీ సరిచేసి, వాడి నుదుటి చెమట తుడిచింది. వాడి కోసం అది ఏడవడం కూడా మానేసింది. తల్లి ఏడిస్తే పిల్లవాడు ఏడుస్తాడని.

ఇంత కట్టుదిట్టం చేసినా, ఒక్క శత్రువును మాత్రం నేను ఊహించలేదు. చుట్టాలు.

మా దిక్కు పరామర్శ అంటే కుర్చీలో కూర్చుని టీ తాగి వెళ్ళడం కాదు. కష్టమొచ్చిన ఇంటికి ఆడవాళ్ళు వస్తే గేటు దగ్గరే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రాగం తీసుకుంటూ రావాలి. "ఓ నా బిడ్డో... గింత కష్టమచ్చెనా బిడ్డో..." అని మెడ మీద వాలి ఏడవాలి. మనమూ ఎదురు ఏడవాలి. ఏడవకపోతే లెక్కచేయలేదని అర్థం. రొట్టె ప్యాకెట్టు, ఆపిల్ పండ్లు, ఏడుపు, ఈ మూడూ లేకుండా మా వాళ్ళు ఎవరింటికీ పోరు. మొదటిసారి మా పిన్నమ్మ గేటు దగ్గర రాగం ఎత్తుకోగానే లోపల పిల్లవాడు ఉలిక్కిపడి మూతి వంకర పెట్టాడు. నేను ఒక్క ఉదుటున వెళ్ళి ఆమె నోరు మూశాను. అరచేత్తో. డెబ్భై దాటిన మనిషి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె తెచ్చిన ఆపిల్ పండ్లు తిరిగి తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే ఉపాయం తట్టింది. గేటు బయట, పక్కింటి గోడ నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. పక్కన బకెట్టుతో నీళ్ళు, చెంబు. గోడకు బడి నుంచి తెచ్చుకున్న చిన్న నల్లబల్ల తగిలించి, గుండ్రటి అక్షరాలతో రాశాను: "ఏడ్చేవాళ్ళు ఇక్కడే ఏడ్చి, ముఖం కడుక్కొని, లోపలికి రావలెను."

నా కూతురు చూసి తలపట్టుకుంది. "అమ్మా, నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ బిడ్డా. నవ్వితే మనకే మంచిది."

చెప్పొద్దూ, ఏర్పాటు బాగానే పనిచేసింది. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, అటూ ఇటూ చూసి, కుర్చీలో కూర్చుని ఏడ్చేవాళ్ళు. ఒకామె ఏడుస్తుంటే ఇంకో ఇద్దరు పక్కన నిలబడి తమ వంతు కోసం చూసేవాళ్ళు. మా మెట్‌పల్లి ఆడబిడ్డ సంగతే వేరు. ఆమె కుర్చీలో కూర్చుని కరువుతీరా ఏడ్చి, ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని లోపలికొచ్చింది. వచ్చి పిల్లవాణ్ణి చూసింది. వాడు గొట్టం సందులోంచి బోసినవ్వు నవ్వాడు. అంతే, "అయ్యో నా తండ్రీ" అని మళ్ళీ అందుకుంది. రెక్క పట్టుకుని మళ్ళీ బయట కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఆమె ఊరూరా చెప్పిన మాట: "గామె ఇంటికి పోతే కడుపుల దుఃఖం కడుపులనే ఉంచుకొని రావాలె. ఏడ్వనిస్తలేదు. పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకోలే."

ఇట్లాంటి సమయంలో ఆదిలాబాద్ నుంచి మా వియ్యపురాలు దిగింది. మహారాష్ట్ర పొలిమేర ఊరు, మాటలో సగం మరాఠీ. పత్తి చేను పని ముగించుకుని, జొన్నపిండి మూటతో, ఎండుమిరపకాయల సంచితో వచ్చింది. గేటు దగ్గర బోర్డు ముందు ఆగింది. చదవడం రాదు కనుక నన్నే అడిగింది. చెప్పాను. ఆమె కుర్చీ వైపు చూసింది, నా వైపు చూసింది.

"అగ బాయి! కూసొని ఏడ్వాల్నా వదినె? మా తాన నిలవడి ఏడుస్తం."

అని, ఏడవకుండానే లోపలికి వచ్చేసింది.

ఆమె గొంతు గురించి మీకు చెప్పాలి. వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లో చావైనా ఆమె వచ్చేదాకా ఏడుపు మొదలైనట్టు కాదట. పోయినవాళ్ళ గుణగణాలన్నీ అప్పటికప్పుడు అల్లి, రాగం తీసి ఏడిస్తే ఊరి పోలీసు పటేలు కూడా తుండుతో కళ్ళు తుడుచుకునేవాడట. అంతటి గొంతును నా ఇంట్లో పెట్టుకుని నేను ఎట్లా నిద్రపోవాలి? పైగా 'బాళ', అంటే పసిబిడ్డ, విషయంలో ఆమెకో నమ్మకం.

"బాళ ఏడ్వాలె వదినె. ఏడిస్తెనే పేగులు గట్టివడ్తయి, ఊపిరి గట్టివడ్తది. ఏడ్వని పోరడు ఏం పోరడు? నా కొడుకు ఏడిస్తే మూడు చేన్ల అవుతల ఇనవడుతుండె."

"నీ కొడుకు గొట్టం గట్టిది వదినె. గీనిది మెత్తగున్నది. ఏడిస్తే అతుక్కుంటది."

"ఏడిస్తెనే కదా గట్టిగయ్యేది."

"గట్టిగైనంకనే ఏడ్వాలె."

ఈ వాదం పొద్దున టీతో మొదలై, రాత్రి మజ్జిగతో ముగిసేది. పప్పు ఉడకనట్టే ఇదీ ఉడికేది కాదు. నా కూతురు మధ్యలో కూర్చుని పాలసీసా వేడినీళ్ళతో కడుగుతూ ఉండేది. అత్త పక్షమూ కాదు, అమ్మ పక్షమూ కాదు. కానీ మా వియ్యపురాల్ని మెచ్చుకోవాలి, ఒక్కరోజు కూడా పిల్లవాడి ముందు గొంతు పెంచలేదు. వాణ్ణి బోర్లా తన ఛాతీ మీద పడుకోబెట్టుకుని, మిషను గొట్టం మడతపడకుండా వేలితో ఎత్తిపట్టి, గంటల తరబడి కదలకుండా కూర్చునేది. అట్లా బోర్లా పడుకుంటే వాడికి ఊపిరి సులువుగా ఆడేది. నేనైతే కాళ్ళు తిమ్మిరెక్కి లేచిపోయేదాన్ని.

అంతగా ఓర్చుకున్న మనిషి ఒకనాటి మధ్యాహ్నం డాబా మీదకు వెళ్ళింది. ఎండలో మిరపకాయలు తిరగేసి వస్తానంది. వెళ్ళిందంటే వెళ్ళింది, రాదే. నేను కింద గిన్నెలో పప్పు కలుపుతున్నాను. కిటికీలు మూసి ఉన్నాయి, లోపల మిషను బుస, నాకేమీ వినపడలేదు. కాసేపటికి వీధి గుమ్మం దగ్గర అలికిడయితే తలుపు తీశాను. కాలనీ సగం మా గేటు ముందు ఉంది. మగవాళ్ళు చేతులు కట్టుకుని తలలు దించుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి పెట్టుకున్నారు. సందు మలుపులో టెంటుహౌసు నడిపే అతను ఆటోలోంచి షామియానా కర్రలు దించుతున్నాడు.

"ఏందిరా ఇది?"

అతను కర్రలు కింద పెట్టి, చేతులు జోడించాడు. "మేడం, ఎవలు చెప్పలే, నేనే అచ్చిన. కుర్చీలు గూడ తెచ్చిన. మీరేం పరేషాన్ కాకుండ్రి."

అప్పుడు డాబా మీది నుంచి వినపడింది. ఏం గొంతు తల్లీ అది! "ఓ నా బాళా... ముక్కుకు గొట్టమేసిరా నా తండ్రీ... గాలి నీకు బరువాయెనా నా కొడుకా... పత్తిపువ్వసొంటి పానానికి గింత పరీక్షా..." లోపల పిల్లవాడు బతికే ఉన్నాడని తెలిసి కూడా ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాను.

ఇంతలో లోపల ఫోను మోగింది. మస్కట్ నుంచి అల్లుడు. మెట్‌పల్లి ఆడబిడ్డకు ఈ కాలనీలో ఎవరో చుట్టముంది. ఆ చుట్టం నుంచి ఆడబిడ్డకు కబురు అంది, ఈమె చుట్టాల వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే చేతుల బొమ్మలు పెట్టేసింది. ఆ బొమ్మల కిందే ఇంకో నలుగురు 'ఆత్మకు శాంతి' అని రాశారు. ఫోన్లో అల్లుడి ముఖం చూసి నా కూతురు ఫోన్ తిప్పి పిల్లవాడి వైపు పెట్టింది. వాడు పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుని చప్పరిస్తున్నాడు. అవతల నుంచి వెక్కుతున్న చప్పుడు వచ్చింది. నేను ఫోన్ లాక్కుని, "ఏడ్వకు! ఏడిస్తే ఫోన్ కట్ చేస్త!" అన్నాను. పాపం, కొడుకు చచ్చిపోయి బతికిన మనిషితో అనాల్సిన మాట కాదది. నా నోరు అంతే.

నా కూతురే కిటికీ తెరిచి కాలనీ వాళ్ళతో, "అచ్చి చూసిపోండ్రి, మంచిగున్నడు. గని ఒక్కొక్కలే రండ్రి, ముక్కుకు గుడ్డ కట్టుకొని" అంది. అంటూ అంటూ పకపకా నవ్వింది. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి అది నవ్వడం నేను చూడలేదు. షామియానా కర్రలు మళ్ళీ ఆటో ఎక్కాయి. కుర్చీలు దించినవి దించినట్టే ఉన్నాయని, వచ్చినవాళ్ళందరూ కూర్చుని టీ తాగి వెళ్ళారు.

నేను కోపంతో రెండేసి మెట్లు ఎక్కి డాబా మీదకు పోయాను.

"వదినె! పిలగాడు సచ్చిండనుకున్నరు! ఊరంత దిగింది!"

ఆమె మిరపకాయల పక్కన చతికిలబడి ఉంది. కళ్ళు, ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. "మేం సచ్చినోళ్ళ కోసమే ఏడ్వం వదినె. బతకాలని గూడ ఏడుస్తం. నా కొడుకు కొడుకు. ముక్కుకు గొట్టం. నేనేం జెయ్యలేను. నాకు ఏడ్చుడు తప్ప ఏమచ్చు?"

తిట్టడానికి వచ్చినదాన్ని పక్కన కూలబడ్డాను. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది. వాడు దక్కుతాడో లేదో అన్న భయం, కూతురి ముఖం చూడలేని బాధ, అన్నీ కలిసి ఒక్కసారిగా వచ్చాయి. నాకు అలవాటైనట్టు నోరు గట్టిగా మూసుకుని, కంటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఆమె నన్ను కాసేపు చూసి, "గట్ల మూతి మూసుకొని ఏడుస్తే ఎట్ల వదినె? లోపల్నే ఉంటది. నోరు తెర్వు" అంది.

జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను నోరు తెరవమన్నారు.

ఆ తర్వాత వాదాలు తగ్గాయి. మానలేదు, తగ్గాయి. డాబా మీద ఏడుపు వినపడితే ఇక షామియానా తేవద్దని టెంటుహౌసు అతనికి ముందే చెప్పి పెట్టాను. పిల్లవాడు నెమ్మదిగా ఒళ్ళు చేశాడు. మెడ నిలిపాడు, బోర్లా పడ్డాడు, కూర్చున్నాడు. మిషను మొదట పగలు కాసేపు తీసి చూశారు, తర్వాత పగలంతా తీశారు, తర్వాత నిద్రలో మాత్రమే ఉంచారు. ఒకరోజు డాక్టరు ఇక అది కూడా తీసేయొచ్చేమో చూద్దామన్నాడు.

మేం ముగ్గురం, నేను, నా కూతురు, వియ్యపురాలు, వాణ్ణి తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు వాడి కాలి బొటనవేలికి ఎర్రలైటు క్లిప్పు తగిలించాడు. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో పక్కన డబ్బా మీద అంకె కనపడుతుంది. పక్కనే మాస్కు, గాలి సంచి సిద్ధంగా పెట్టుకున్నాడు. అన్నీ చూసుకుని మా వైపు తిరిగాడు.

"ఇగ వీన్ని ఏడిపియ్యుండ్రి."

మాకు అర్థం కాలేదు.

"ఏడిస్తెనే తెలుస్తది గొట్టం నిలబడ్తుందా లేదా. నిలబడితే మిషను వాపస్. లేకపోతే ఇంకిన్ని నెలలు."

ఏడిపించాలట! మేమా! డాక్టరు నా ముఖం చూసి, "అమ్మా, నేను వీలైనంత వరకు అన్న. మీరు అస్సలే ఏడ్వనియ్యలేదా?" అన్నాడు. నా కూతురు నా వైపు చూసింది. నేను గోడ మీది టీకాల పటం వైపు చూశాను.

సరే, మొదట నేను ప్రయత్నించాను. కళ్ళజోడు ముక్కు మీదకు దించి, కనుబొమలు ముడిచి, పదో తరగతి పిల్లలకు చెమటలు పట్టించిన చూపు చూశాను. వాడు నా కళ్ళజోడు పట్టుకుని గుంజి, కిలకిలా నవ్వాడు. వియ్యపురాలు నన్ను పక్కకు జరిపింది, గొంతు సవరించుకుంది, రాగం ఎత్తుకుంది. వాడు చప్పట్లు కొట్టాడు. బయట వరండాలో కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు మాత్రం ఏడుపు అందుకున్నారు, నర్సు పరుగెత్తుకొచ్చి తలుపు మూసింది. డాక్టరు వాడి పాదం మీద వేలితో గట్టిగా టకటకా కొట్టాడు. వాడు పాదాన్ని చూసి, డాక్టర్ని చూసి, ఈయనకేమైంది అన్నట్టు నా కూతురి వైపు తిరిగాడు. ఏడుపనేది ఒకటుందని వాడికి తెలియకుండా పెంచాం మేము.

"పాల టైం ఎప్పుడు?" అన్నాడు డాక్టరు.

"అయితుంది సార్."

"ఆపుండ్రి. చూద్దాం."

ఆ కూర్చోవడం నేను మరచిపోలేను. వాడు పెదవి చప్పరించాడు. నా చెయ్యి అలవాటుగా సంచిలోని సీసా మీదకు పోయింది, వియ్యపురాలు మణికట్టు పట్టుకుని ఆపింది. ఏడిస్తేనే గట్టిపడతాడని రోజూ నాతో పోట్లాడిన మనిషి చెయ్యి మంచులా చల్లగా ఉంది. వాడు మళ్ళీ చప్పరించాడు. ఎవరూ కదలలేదు. వాడు ఒక్కొక్కరి ముఖం చూశాడు. నన్ను, నానమ్మను, తల్లిని. ఎవరూ ఏమీ ఇవ్వరని వాడికి అర్థమైంది. కింది పెదవి బయటికొచ్చింది, వణికింది, నోరు తెరుచుకుంది.

ఏడ్చాడు. ఒక పొడుగాటి ఏడుపు, చివరికొచ్చేసరికి చప్పుడు ఆగింది. నోరు తెరిచే ఉంది. టీకా వేసిన రోజు చూసిన నోరు అదే. నేను డబ్బా మీది అంకె చూడలేకపోయాను, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. దేవుడా, ఈ ఒక్క ఊపిరి, ఈ ఒక్కటి ఇయ్యి, ఇంకేమీ అడగను అనుకున్నాను.

గురక పెట్టినట్టు పెద్దగా ఊపిరి లోపలికి లాగిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే ఇంకో ఏడుపు, మొదటి దానికంటే పెద్దది. కళ్ళు తెరిచాను. వాడి ముఖం ఎర్రగా ఉంది. చెవులు ఎరుపు, పెదాలు ఎరుపు. కాళ్ళు తన్నుకుంటూ, చేతులు విసురుతూ, ఇన్ని నెలల బాకీ తీర్చుకుంటున్నట్టు గుక్క తిప్పుకుని గుక్క తిప్పుకుని ఏడుస్తున్నాడు. ఆస్పత్రి కారిడారు మొత్తం మార్మోగుతోంది. డాక్టరు స్టెతస్కోపు ముందు ఛాతీకి ఆనించాడు, తర్వాత మెడకు, తర్వాత వీపుకు. అంకె వైపు చూశాడు. నవ్వాడు.

"గొట్టం నిలవడ్డది. చాలమ్మా, ఇగ పాలియ్యుండ్రి."

నేను సీసా తీసి నా కూతురి చేతికిచ్చాను. అది తీసుకుంది. మూత కూడా తీసింది. కానీ పిల్లవాడి నోటికి పెట్టలేదు. అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఇయ్యి బిడ్డా, గొంతు ఎండుకపోతది" అన్నాను.

"జరసేపు ఆగుండ్రి సార్," అంది అది, నాతో కాదు, డాక్టరుతో. "పుట్టినప్పుడు వీని గొంతుల గొట్టముండె, చప్పుడు రాలే. తర్వాత ఎప్పుడు మొదలువెట్టినా నడుమనే ఆగిపోయింది. నా కొడుకు ఏడుపు నేను పూర్తిగ వినుడు ఇదే మొదలు. జరంత విననియ్యుండ్రి."

డాక్టరు చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి మెడలో వేసుకున్నాడు. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, నా కూతురు వింటూ నిలబడింది.